అమీనా బుల్లియ్య అమలు చేసిన తీర్పు

కోర్టు అమీనా అంటే మా వైపు ఎవరికీ ఇష్టం ఉండదు. సమన్లు తెచ్చేది అతనే, జప్తుకి వచ్చేది అతనే, ఇల్లు ఖాళీ చేయించేదీ అతనే. జడ్జీగారు తీర్పు చదివి లోపలికి వెళ్ళిపోతారు. దాన్ని సైకిలు మీద పల్లెల్లోకి తీసుకెళ్ళి, గడప ముందు నిలబడి తిట్లు తినాల్సింది అమీనా. బుల్లియ్య ఆ ఉద్యోగం ముప్ఫై ఏళ్ళ దాకా చేశాడు. భీమవరానికి దిగువన, సముద్రం వైపు సాగే కాలవల మధ్య ఉంటుంది మా పట్టణం. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని ఎరగని వీధి లేదు. కుక్కల్ని ఉసిగొలిపినవాళ్ళున్నారు. గంజి మొహాన కొట్టినవాళ్ళున్నారు. అలాంటి రోజుల్లో ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే భార్య రత్నమాణిక్యం ఏమీ అడిగేది కాదు. బాల్చీలో వేణ్ణీళ్ళు తోడి పెట్టి, తన పని తను చూసుకునేది.

అయినా బుల్లియ్యకి ఆ ఉద్యోగమంటే గర్వం. ఆ గర్వం ఒక గోడ దగ్గర మొదలైంది.

ఆయన చేరిన కొత్తలో, కాలవ అవతలి ఊళ్ళో పల్లంరాజు అనే కామందు రేవుకి వెళ్ళే దారికి అడ్డంగా గోడ కట్టించాడు. పేటలోని ఆడవాళ్ళు బిందెలతో ఊరంతా చుట్టి రావాల్సి వచ్చింది. పేటవాళ్ళు దావా వేశారు. ఏళ్ళ తరబడి తిరిగి గెలిచారు. గోడ పడగొట్టించే వారంటు బుల్లియ్యకి అప్పగించారు. ఆ ఊళ్ళో ఒక్క కూలీ రాలేదు. చివరికి దావా గెలిచినవాళ్ళే గునపాలు తెచ్చుకున్నారు. గోడ దగ్గర జనం పోగయ్యారు. పల్లంరాజు అరుగు మీంచి లేచి వచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?"

"కోర్టునండి."

"నీ పేరడిగాను."

"పేరుతో పనేంటండి. కోర్టునండి నేను. వారంటు చదువుతాను, చిత్తగించండి."

బుల్లియ్య పూర్తిగా చదివాడు. పల్లంరాజు పూర్తిగా విన్నాడు. విని, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పొద్దు వాలేసరికి గోడ లేదు.

ఆ సంగతి చెప్పేటప్పుడల్లా బుల్లియ్య ఒక మాట కలిపేవాడు. "రాజుగారి ప్లీడరు ఎంత వాదించాడనుకున్నారండి. జడ్జీగారు పేటవాళ్ళ మాటా విన్నారు, ఆయన మాటా విన్నారు. విన్నాకే రాశారు. అందుకే నాకు చెయ్యి వణకలేదు."

అన్నీ అలా జరగలేదు. రైలు గేటు అవతల సంపూర్ణమ్మ అనే ఆవిడకి చిన్న ఇంటి స్థలం ఉంది. కోర్టు ఎదురుగా ఒక వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టి బతికేది. లారీల యజమాని ఒకడు ఆ స్థలంలో రేకుల షెడ్డు వేసి తనదన్నాడు. ఆవిడ కోర్టుకెక్కింది, గెలిచింది. గెలుపు కాయితాల్లోనే ఉండిపోయింది. స్వాధీనం ఇప్పించడానికి బుల్లియ్య వెళ్ళినప్పుడల్లా షెడ్డు ముందు లారీలు అడ్డంగా ఉండేవి, డ్రైవర్లు చేతుల్లో రాడ్లు తిప్పుతూ ఉండేవాళ్ళు. పోలీసుల సాయం అడిగితే జాతర బందోబస్తు అనేవాళ్ళు, మంత్రిగారు వస్తున్నారనేవాళ్ళు. ఈలోగా వారంటు గడువు దాటేది. మళ్ళీ అర్జీ, మళ్ళీ వాయిదా. బుల్లియ్య సైకిలు దిగుతుంటే సంపూర్ణమ్మ మిషను ఆపి తలెత్తేది.

"ఇవాళైనా అయిందా బుల్లియ్యా?"

"అవ్వలేదు సంపూర్ణా."

ఆవిడ మళ్ళీ మిషను తొక్కేది.

కొత్త చట్టం మాట మా పట్టణానికి వచ్చింది తొంభై ఏడులో. ప్లీడర్ల సంఘం హాల్లో సభ పెట్టి ఢిల్లీ నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. కుర్చీలు సర్దడానికి, సోడాలు అందివ్వడానికి కోర్టు బంట్రోతులతో పాటు బుల్లియ్యని కూడా వేశారు. ఆ నిపుణుడు తెలుగువాడే, విడమర్చి చెప్పాడు. వ్యాపార ఒప్పందంలో తగాదా వస్తే మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటామని ఒక్క వాక్యం ఉంటే చాలు, ఇకమీదట కోర్టు ఆ తగాదా జోలికి వెళ్ళకూడదు. మధ్యవర్తి తీర్పుని మూడు నెలల్లో ఎవరూ సవాలు చెయ్యకపోతే అది కోర్టు డిక్రీతో సమానం. ప్రపంచ దేశాలన్నీ కూర్చుని తయారుచేసిన నమూనా ఇది, సింగపూర్లో ఎలా ఉందో మీ ఊళ్ళోనూ అలాగే ఉంటుంది అన్నాడు. మన కోర్టుల్లో తాతలు వేసిన దావాలు మనవలు నడుపుతుంటే బయటి దేశంవాడు ఇక్కడ రూపాయి ఎలా పెడతాడు అని అడిగాడు. జనం చప్పట్లు కొట్టారు.

బుల్లియ్య కూడా కొట్టాడు. తాతల దావాలు మోసిన కాళ్ళు ఆయనవి. సభ అయ్యాక నేరుగా సంపూర్ణమ్మ వరండాకి వెళ్ళాడు.

"రోజులు మారతన్నాయి సంపూర్ణా. ఇంక అన్నీ తొందరగా అయిపోతాయంట."

"నాది కూడానా?"

"కోర్టు బాగుపడితే అందరిదీను."

ఆవిడ దారం కొరికి, నవ్వీ నవ్వకుండా చూసింది.

ఆ తరవాత రెండేళ్ళకి రొయ్యల కంపెనీ ఒకటి మా వైపు దిగింది. సగం పెట్టుబడి విదేశీయులదన్నారు. రొయ్య పిల్లల్ని వాళ్ళే ఇస్తారు, మేత వాళ్ళే ఇస్తారు, పట్టుబడి అయ్యాక సరుకంతా వాళ్ళే కొంటారు. రైతు చెరువు, నీళ్ళు, ఒళ్ళు పెట్టాలి. మొగలిపాలెంలో సూర్యకళ, ఆవిడ భర్త తాతాజీ ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. తాతాజీ నోట్లోంచి మాట రావడం కష్టం. చెరువు గట్టు మీదా, బజార్లోనూ మాట్లాడేదంతా సూర్యకళే. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. కంపెనీ కుర్రాడు తెలుగులో చెప్పినంతవరకు విన్నారు. చివరి పేజీ గురించి అతను ఏమీ చెప్పలేదు. బహుశా అతనికీ తెలియదు.

మొదటి రెండు పంటలూ సవ్యంగా వెళ్ళాయి. మూడో పంట పట్టినరోజు కంపెనీ వాళ్ళు గట్టు మీదే నాలుగు రొయ్యలు చిదిమి చూసి, మందుల అవశేషాలున్నాయి, మాకొద్దన్నారు. ఆ మందులు కలిసిన మేత వాళ్ళిచ్చిందే. సరుకు అప్పటికే నీళ్ళలోంచి బయటకొచ్చేసింది, గట్టంతా గంపలు. మే నెల ఎండ. ఐసు కరిగిపోతోంది. కంపెనీ వ్యాను వెళ్ళిపోయింది. సూర్యకళ బజారుకి మనిషిని పంపించి, పక్కూరి వ్యాపారిని పిలిపించి, వాడు చెప్పిన ధరకే ఇచ్చేసింది.

రెండు వారాలకి కంపెనీ నుంచి నోటీసొచ్చింది. మా అనుమతి లేకుండా సరుకు బయట అమ్మారు గనక ఒప్పందం తప్పారు, నష్టం కట్టాలని.

సూర్యకళ ఊరుకోలేదు. తనలాంటి మరో ఐదారుగురు రైతుల్ని కూడగట్టి, మేతలోనే లోపం ఉందని మా కోర్టులో దావా వేసింది. కంపెనీకి సమన్లు పట్టుకెళ్ళింది బుల్లియ్యే. అలా ఆయనకి సూర్యకళ, తాతాజీ తెలిశారు. కేసు మొదటి వాయిదాలోనే కంపెనీ తరఫున మురళీకృష్ణ లేచాడు. మా ఊరి ప్లీడర్లలో తెలివైనవాడు, మృదువుగా మాట్లాడతాడు, ఎవరినీ నువ్వనడు. ఒప్పందం చివరి పేజీ జడ్జీగారి ముందు పెట్టాడు. తగాదా వస్తే మధ్యవర్తి. మధ్యవర్తిని నియమించేది కంపెనీ. కూర్చునేది చెన్నైలో. భాష ఇంగ్లీషు.

జడ్జీగారు అప్పుడే బదిలీ మీద వచ్చిన యువకుడు. ఆ కాయితం చాలాసేపు చూశాడు.

"వీళ్ళు చదువుకోని రైతులండి," అన్నాడు మురళీకృష్ణతో.

"సంతకం వాళ్ళదేనండి. కాదనమనండి."

సూర్యకళ కాదనలేదు. జడ్జీగారు ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మీ కేసు మంచిదో చెడ్డదో నేను చెప్పడం లేదు. వినే అధికారం నాకు లేదంటున్నాను. చట్టం అలా ఉంది. మధ్యవర్తి దగ్గరకి వెళ్ళండి," అన్నాడు.

"మీరు వినకపోతే మా మాట వినేదెవరండి?"

ఆయన తరవాతి కేసు పిలిపించాడు. తలుపు దగ్గర నిలబడ్డ బుల్లియ్యకి అది నచ్చలేదు. తన సర్వీసులో కోర్టు మనిషిని ఓడించడం చూశాడు, ఏళ్ళకి ఏళ్ళు నానబెట్టడం చూశాడు. గడపలోకొచ్చిన మనిషిని అసలు విననని పంపేయడం చూడలేదు.

సూర్యకళ, తాతాజీ సర్కారు ఎక్స్‌ప్రెస్ రైలెక్కి చెన్నై వెళ్ళారు. తిరిగి వచ్చాక కోర్టు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆవిడే బుల్లియ్యకి చెప్పింది.

"పెద్ద హోటలు బాబాయ్ గారూ. నేల మీద మన మొహం మనకి కనపడతంది. మా చెప్పులు చూసి గుమ్మం దగ్గరోడు ఎక్కడికని అడిగేడు. లోపల ఒక పెద్దాయన, ఇదివరకు జడ్జీయంట, మధ్యలో కూర్చున్నారు. కంపెనీ వాళ్ళు ఆయనకి కాఫీలు అందిస్తన్నారు. అంతా ఇంగ్లీషే. నేను లేచి రెండు ముక్కలు చెప్పేను. ఆయన నవ్వేరు. తెలుగు రాదంట. తరవాత ఎవరో చెప్పేరు, ఆయన కూర్చున్నందుకు సగం ఫీజు మేం కట్టాలంట, కట్టకపోతే మా ఫిర్యాదు పక్కన పెట్టేస్తారంట."

"కట్టేరా?"

"దేంతోనండి?"

బుల్లియ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "కోర్టులో పేదోళ్ళకి ఫీజు మాఫీ ఉందమ్మా," అన్నాడు, తన కోర్టు తరఫున సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

"అది కోర్టు కాదు కదండి," అంది సూర్యకళ.

వాళ్ళు మళ్ళీ చెన్నై వెళ్ళలేదు. అక్కణ్ణుంచి ఇంగ్లీషు కాయితాలు కొన్ని పోస్టులో వచ్చాయి. ఊళ్ళో డిగ్రీ చదివినతన్ని అడిగితే కేసు కొట్టేసినట్టుందన్నాడు. ఎవరి కేసో అతనికి తెలియలేదు. మూడు నెలలు గడిచిపోయాయి. ఆ కాయితాల్లో ఒకటి కంపెనీకి అనుకూలంగా వచ్చిన తీర్పు. సవాలు చేసే గడువు దాటింది, జిల్లా కోర్టు మీదుగా అమలుకి మా కోర్టుకి చేరింది. నాజరు, అంటే వారంట్లు పంచే అధికారి, బుల్లియ్యని పిలిచి జప్తు వారంటు చేతిలో పెట్టాడు.

"ఇది రేపే అవ్వాలి. కారు వాళ్ళే పంపిస్తారు. పోలీసులకి కూడా చెప్పేసేరంట."

"నేనింకా అర్జీ పెట్టలేదు కదండి పోలీసులకి?"

"నువ్వు పెట్టక్కర్లేదయ్యా."

మర్నాడు ఇంటి ముందుకే తెల్ల కారు వచ్చింది. ముందు సీట్లో మురళీకృష్ణ, వెనక వ్యానులో పది మంది పోలీసులు, వాళ్ళ వెనక ఖాళీ లారీ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో బుల్లియ్య జప్తుకి కారులో వెళ్ళడం అదే మొదలు. లోపల చల్లగా ఉంది. ఆ చలవ ఆయనకి పడలేదు. అద్దం దించమని అడగడానికి మొహమాటపడి, మొగలిపాలెం దాకా అలాగే బిగబట్టి కూర్చున్నాడు.

చెరువులో పంట సగంలో ఉంది. ఏరేటర్లు తిరుగుతున్నాయి, నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. ఎండాకాలం చివర, గాలి లేని రోజు. అలాంటప్పుడు నీటిని చిలకకపోతే రొయ్యకి ఊపిరి ఉండదు. వారంటులో రాసింది ఆ ఏరేటర్లూ, వాటిని నడిపే డీజిలు ఇంజనూ.

సూర్యకళ గట్టు మీదికి వచ్చింది. పోలీసుల్ని చూసి కొంగు నడుముకి బిగించింది.

"చదవండి బాబాయ్ గారూ. ఏం రాసేరో ఇప్పుడైనా వింటాను."

బుల్లియ్య చదివాడు. పేర్లు, చిరునామా, సామాన్ల జాబితా. చదవడం త్వరగానే అయిపోయింది.

"ఇందులో మా మాట ఎక్కడుందండి? మేత గురించి ఏవన్నా రాసేరా?"

"లేదమ్మా."

తాతాజీ అప్పటిదాకా ఇంజను పక్కన నిలబడి ఉన్నాడు. మెల్లిగా దగ్గరికొచ్చి, బుల్లియ్యతో కాకుండా నేల చూస్తూ అన్నాడు. "నాగలీ ఎడ్లూ జప్తు చెయ్యరంటారు కదండి. మాకు ఇదే కదండి నాగలి."

అది నిజమే. రైతు సేద్యం చేసుకునే పనిముట్లని జప్తు చెయ్యకూడదని పాత చట్టంలో ఉంది. బుల్లియ్య ఎన్నో ఇళ్ళలోంచి బీరువాలు తీసుకెళ్ళాడు గానీ నాగలి ముట్టుకోలేదు. మురళీకృష్ణ వైపు తిరిగాడు.

"ఆయన అడిగేదాంట్లో న్యాయం ఉందండి."

"సేద్యమైతే ఉండేదండి," అన్నాడు మురళీకృష్ణ, ఎప్పటిలాగే మృదువుగా. "ఒప్పందంలో వ్యాపారమని రాసి ఉంది, వాళ్ళు సంతకం పెట్టారు. మధ్యవర్తి కూడా వ్యాపారమనే తేల్చారు. అభ్యంతరం ఉంటే కోర్టులో వేసుకోమనండి."

"కోర్టు వినదన్నారు కదండి మొన్న," అంది సూర్యకళ.

మురళీకృష్ణ చేతి గడియారం చూసుకున్నాడు.

"నాలుగు రోజులు గడువివ్వండి, సరుకు పట్టించేసుకుంటారు. చిన్న సైజే అయినా ఎంతో కొంత వస్తది," అన్నాడు బుల్లియ్య.

"నా చేతిలో లేదండి బుల్లియ్యగారూ. కంపెనీ పైవాళ్ళు రోజులు లెక్కేస్తున్నారు."

బుల్లియ్య ఏం చెయ్యాలి? వారంటు మీద కోర్టు ముద్ర ఉంది. ఆ ముద్ర కోసమే కదా ఇన్నాళ్ళూ తన్నులు తిన్నది. ఇంజను ఆపమని తాతాజీకి చెప్పాడు. తాతాజీ ఆపలేదు. అప్పుడు బుల్లియ్య తనే వెళ్ళి ఆపాడు. చెరువు మీద ఒక్కసారిగా నిశ్శబ్దం పరుచుకుంది. కూలీలు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఏరేటర్లు విప్పుతుంటే, సూర్యకళ ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని బుల్లియ్య తరవాత చాలామందితో అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన సైకిలు మీద మళ్ళీ మొగలిపాలెం వెళ్ళాడు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. గట్టుకి అర మైలు దూరంలోనే వాసన తగిలింది. చెరువు అంచులంతా రొయ్యలు ఒకదాని మీదొకటి ఎక్కి చచ్చిపోయి ఉన్నాయి. బతికున్న కొన్ని మట్టిలోకి ఎగబాకుతూ కాళ్ళు ఆడిస్తున్నాయి. కాకులు, కొంగలు. సూర్యకళ, తాతాజీ బుట్టలతో ఎత్తి గోతిలో పోస్తున్నారు. బుల్లియ్య సైకిలు పడేసి గట్టు పక్కనే వాంతి చేసుకున్నాడు. తరవాత పంచె ఎగ్గట్టి దిగబోతే సూర్యకళ వద్దంది.

"మీరెళ్ళండి బాబాయ్ గారూ. మేం ఎత్తుకుంటాం."

ఇంటికొచ్చాక రత్నమాణిక్యం చొక్కా ఉతికింది. మళ్ళీ ఉతకమన్నాడు. మళ్ళీ ఉతికింది. మూడోసారి అడిగితే, "దీనికేం వాసన లేదు, కావాలంటే మీరే చూడండి," అని మొహం మీదికి విసిరింది. ఆయన ఆ చొక్కా మళ్ళీ తొడుక్కోలేదు.

ఆ సంగతి అక్కడితో ముగిసిపోతే బహుశా బుల్లియ్య కూడా కొన్నాళ్ళకి మర్చిపోయేవాడు. ఏడాదిన్నర తరవాత విదేశాల నుంచి ఒక సంస్థవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఏ దేశంలో వ్యాపార ఒప్పందాలు ఎంత తొందరగా అమలవుతున్నాయో చూసి, పుస్తకం వేసి, దేశాలకి వరస ర్యాంకులు ఇస్తారట. మురళీకృష్ణ వాళ్ళని మా కోర్టుకి తీసుకొచ్చాడు. గోడలకి సున్నం వేశారు. బాత్రూముకి తలుపు పెట్టారు. మా కోర్టు చరిత్రలో ఆ తలుపొక్కటే చట్ట సంస్కరణ వల్ల ప్రజలకి కలిగిన మేలు.

హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, మొగలిపాలెం జప్తు గురించి మురళీకృష్ణ ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళు తలలూపుతూ రాసుకున్నారు. ముగ్గురిలో ఒకావిడ బుల్లియ్యతో మాట్లాడాలంది. మురళీకృష్ణే దుబాసీ.

"ఉత్తర్వు చేతికొచ్చాక అమలుకి ఎంత టైము పట్టిందని అడుగుతున్నారండి."

"మర్నాడే అయిపోయిందని చెప్పండి."

ఆవిడ చాలా సంతోషించింది. నీతిగా, చురుగ్గా పనిచేసే ఇలాంటి ఉద్యోగుల వల్లే చట్టబద్ధ పాలన నిలబడుతుందని అంది. లేచి బుల్లియ్యకి శాలువా కప్పింది. ఫొటో తీశారు. ఆవిడ మొహంలో కల్మషం లేదు, అది మాత్రం చెప్పాలి. నిజంగానే అలా అనుకుంటోంది.

బుల్లియ్య శాలువా తీసి మడత పెట్టాడు. "ఇంకో ఉత్తర్వు కూడా ఉందని చెప్పండి. దానికెంత టైము పట్టిందో కూడా రాసుకోమనండి. సంపూర్ణమ్మని ఉంది, ఎదురుగానే కూర్చుంటది. స్థలం రైలు గేటు అవతల. ఇలా నడిస్తే వచ్చేస్తది, నేను చూపిస్తాను."

మురళీకృష్ణ కాస్త తటపటాయించి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, విచారంగా మొహం పెట్టి జవాబిచ్చింది.

"అది వాణిజ్య వివాదం కాదు గనక వాళ్ళ పరిశీలనలోకి రాదంటున్నారండి," అన్నాడు మురళీకృష్ణ.

 జీడిపప్పు పకోడీలు వచ్చాయి. సభ ముగిశాక మురళీకృష్ణ ఆయన్ని పక్కకి పిలిచాడు. "వచ్చే ఏడు రిటైరవుతున్నారు కదండి. కంపెనీలో వసూళ్ళ విభాగం పెడుతున్నారు. మీ అనుభవం వాళ్ళకి కావాలి. కారు ఇస్తారు."

బుల్లియ్య వరండా చివరికి వెళ్ళి, పూలకుండీలు లేనిచోట చూసుకుని, ఉమ్మి వచ్చాడు. "ఆ కారు నాకు పడదండి," అన్నాడు.

శాలువాని నాజరు బల్ల మీద పెట్టి, సంపూర్ణమ్మ వారంటు మళ్ళీ ఇప్పించమన్నాడు. నాజరు గొణుక్కుంటూ కొత్త అర్జీ మీద తెప్పించి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని బుల్లియ్య పోలీసుల దగ్గరకి వెళ్ళాడు. మొగలిపాలేనికి మనుషుల్ని పంపిన అధికారే అక్కడున్నాడు.

"ఆవేళ పది మందిని పంపించేరు కదండి. ఇవాళ ఇద్దర్ని ఇప్పించండి చాలు."

"ఆవేళ పైనుంచి ఫోనొచ్చిందయ్యా. దీనికెవరు చేస్తారు?"

ఎవరూ చెయ్యలేదు. బుల్లియ్య ఒక్కడే వెళ్ళాడు. సంపూర్ణమ్మ వద్దంటున్నా వెనకాల వచ్చింది. షెడ్డు ముందు నిలబడి వారంటు చదవడం మొదలుపెట్టాడు. డ్రైవర్లు నవ్వారు. చదువు ఆపకపోయేసరికి ఒకడు వచ్చి కాయితం లాక్కున్నాడు. ఇంకొకడు రొమ్ము మీద చెయ్యి వేసి వెనక్కి తోశాడు. ఆయన లారీ బంపరు మీద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. కంప్లైంటు ఇస్తే, సైకిలు మీంచి పడ్డట్టు రాసుకున్నారు. చూసింది సంపూర్ణమ్మ ఒక్కతే. ఆవిడ సాక్ష్యం చెల్లదన్నారు, కేసు ఆవిడదే గనక. జడ్జీగారు బుల్లియ్య కట్టు చూసి నిజంగానే నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, వాయిదా వేశాడు.

బుల్లియ్య రెండు వేల నాలుగులో రిటైరయ్యాడు. వీడ్కోలు సభ వద్దన్నాడు. ఎవరైనా కోర్టు సంగతి ఎత్తితే, ఏదో కుళ్ళిందాని పక్కనుంచి నడుస్తున్నట్టు మొహం తిప్పుకునేవాడు. అయినా సంపూర్ణమ్మ వాయిదా రోజున మాత్రం తెల్లపంచె కట్టుకుని వచ్చి ఆవిడ పక్కన కోర్టు వరండా బల్ల మీద కూర్చునేవాడు. ఇప్పటికీ కూర్చుంటున్నాడు. ఆ స్థలంలో షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది.

సూర్యకళ చెరువు రెండేళ్ళు ఎండిపోయి ఉంది. తాతాజీ చేపల వ్యాన్ల దగ్గర పనికి వెళ్ళాడు. కిందటేడు ఆవిడ బుల్లియ్యకి కబురు చేసింది. మళ్ళీ చెరువు మొదలుపెడుతోంది, వేరే కంపెనీ, పిల్లా మేతా వాళ్ళే ఇస్తారు, సాక్షి సంతకానికి రమ్మని. ఆయన వెళ్ళి, కాయితాలు అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చివరి పేజీ తిప్పి, మధ్యవర్తి వాక్యం మీద వేలు పెట్టాడు. పక్కన కూర్చున్న కంపెనీ మనిషిని అడిగాడు.

"ఇది తీసేస్తారా?"

"తియ్యడానికి లేదండి. అందరికీ ఇదే కాయితం. అన్ని దేశాల్లోనూ ఇదేనండి."

బుల్లియ్య సూర్యకళ వైపు చూశాడు. "నీకు తెలిసే పెడతన్నావా అమ్మా?"

"తెలుసండి. మూడు కంపెనీలు చూసేను బాబాయ్ గారూ. చివరి పేజీ మూడిట్లోనూ ఒకటే. అది లేకపోతే పిల్ల ఇవ్వరు. చెరువు ఎండగట్టుకుని ఎన్నాళ్ళు కూర్చోను?"

"నేను సాక్షి సంతకం పెట్టనమ్మా."

"పెట్టొద్దులెండి. పక్కింటాయన్ని పిలుస్తాను." కోపం లేకుండానే అంది. తాతాజీ వెళ్ళి పక్కింటాయన్ని తీసుకొచ్చాడు. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, చదవకుండా, చూపించినచోట పేరు రాశాడు. సూర్యకళ తన పేరు ప్రతి పేజీ మీదా గుండ్రంగా రాసింది. కంపెనీ మనిషి కాయితాలు సంచిలో పెట్టుకుని, మేత బస్తాలు సోమవారం వస్తాయని చెప్పి వెళ్ళిపోయాడు.